తామర్ కాలపు జార్జియా పాత్రలకు పేర్లు ఎలా కట్టాలి?

అడిగినది క్లుప్తంగా: జార్జియా రాజధాని త్బిలిసిలో మెడిసిన్ చదువుతున్న ఒకరు, తామర్ రాణి ఏలిన 1200 ప్రాంతపు జార్జియాలో సాగే నవల రాస్తున్నారు. అందులో ఒక దొర, ఒక పల్లెటూరి స్త్రీ, ఒక సన్యాసి, ఒక కంసాలి ఉన్నారు. చుట్టూ వినబడే పేర్లను బట్టి అందరికీ చివర "ష్విలి" గానీ "ౙె" గానీ తగిలించారు. "ఇలా పెడితే సరిపోతుందా? ఆ రోజుల్లో వాళ్లకీ మనలాగా ఇంటిపేర్లు ఉండేవా?" అన్నది ప్రశ్న.

సూటిగా చెప్పాలంటే ష్విలి తీసేయండి, ౙెని పూర్తిరూపంలో వాడండి, ఊరిపేరుకి "-ఎలి" చేర్చడం నేర్చుకోండి. 1200లో మామూలు మనిషికి ఒక్క పేరే ఉంటుంది. గుర్తు పట్టడానికి తండ్రి పేరో ఊరి పేరో పక్కన చేరుతుంది. దొరల ఇళ్లకు మాత్రం తరతరాలుగా వచ్చే ఇంటిపేరు అప్పటికే కుదురుకుంటోంది. వరుస మనకు తిరగబడి ఉంటుంది. మనం ఇంటిపేరు ముందు పెడతాం, వాళ్లకు సొంత పేరు ముందు, మిగతాదంతా తర్వాత.

ముందు లిపి సంగతి. "ౙె"లో ఉన్నది మన జొన్న, జడ మాటల్లో పలికే దంత్య జకారం. తెలుగులో ఎ, ఇ ముందు ఆ ధ్వని రాదు కాబట్టి "బెరిజె" అని రాస్తే పాఠకుడు "జెండా"లో జె లాగా చదివేస్తాడు. అందుకే ఇక్కడ ౙ వాడుతున్నాను. చుక్కలో చకారం లాంటి ధ్వనికి ౘ. మీ నవలకు కూడా ఈ రెండక్షరాలు వాడి, మొదటి పేజీలో ఒక్క వాక్యంలో చెబితే చాలు. తామర్‌ని "టామర్" అనీ దవిత్‌ని "డేవిడ్" అనీ రాయకండి. అది ఇంగ్లిష్ మీదుగా వచ్చిన రూపం.

తండ్రి పేరు చేర్చడం. పాత జార్జియన్‌లో ౙె అంటే కొడుకు, అసులి అంటే కూతురు. తండ్రి పేరుకి షష్ఠి ప్రత్యయం "-ఇస్" చేర్చి, దాని పక్కన ఈ మాట పెడతారు. హల్లుతో ముగిసే పేరైతే దవిత్ → దవితిస్, బకురియాన్ → బకురియానిస్. అచ్చుతో ముగిస్తే ఆ అచ్చు నిలిచి "స్" మాత్రమే చేరుతుంది: గియోర్గి → గియోర్గిస్, దెమెత్రె → దెమెత్రెస్, నినో → నినోస్. కొత్తవాళ్లు ఎక్కువగా తప్పేది ఇక్కడే. మామూలు నామవాచకాల్లో చివరి అచ్చు రాలిపోతుంది (మమా, అంటే నాన్న → మమిస్). అది చూసి మనుషుల పేర్లలో కూడా రాల్చేస్తారు. సొంత పేర్లకు అలా జరగదు.

ఆ కాలంలో ఇది ఎలా కనిపించేదో అసలు మనుషుల పేర్లలోనే చూడొచ్చు. బైజాంటియం కొలువులో సేనాపతిగా పనిచేసి, 1083లో నేటి బల్గేరియాలో పెత్రిౘోని మఠం కట్టించిన దొర గ్రిగోల్ బకురియానిస్‌ౙె. తామర్ పాలన తొలినాళ్లలో ఆమెను ఇబ్బంది పెట్టిన మతపెద్ద మికాయెల్ మిరియానిస్‌ౙె. రాణి పక్షాన నిలిచిన మరో పెద్ద అంతోన్ గ్లోనిస్తావిస్‌ౙె. మూడింటిలోనూ "ఇస్" చెక్కుచెదరకుండా ఉంది చూడండి. తర్వాతి శతాబ్దాల్లో ఆ "స్" అరిగిపోయింది. బెరి అంటే సన్యాసి, పెద్దాయన. బెరిస్-ౙె కాస్తా బెరిౙె అయింది. ఈ రోజు జార్జియాలో అన్నిటికన్నా ఎక్కువమందికి ఉన్న ఇంటిపేరు అదే. మీ నవలలో దొరకు "మిరియానిౙె" అని కాకుండా "మిరియానిస్‌ౙె" అని పెడితే కాలం దానంతటదే పలుకుతుంది.

అయితే బకురియానిస్‌ౙె అనగానే అతని తండ్రి పేరు బకురియాన్ అని తీర్మానించకండి. తాతముత్తాతల్లో ఎవరో ఒకరి పేరు ఇంటికి అంటుకుపోయి ఉండొచ్చు. తండ్రినే చెప్పాలనుకుంటే రెండు మాటలుగా విడదీసి "దవితిస్ ౙె" అని రాయడం మేలు. ఇంటిపేరైతే కలిపేయండి. ఈ తేడా చివరిదాకా ఒకేలా పాటిస్తే పాఠకుడికి కూడా అలవాటవుతుంది.

ష్విలి ఎందుకు వద్దన్నానంటే, ష్విలి అంటే సంతానం, బిడ్డ. అర్థంలో దోషమేమీ లేదు. కానీ ఆ చివరతో పెద్ద ఇళ్లు బలపడినది ప్రధానంగా 15వ శతాబ్దం నుంచి. కచిబౙె అనే పాత ఇంటిలో బరతా అనేవాడి సంతతి బరతాష్విలి అయింది అప్పుడే. మీరు వైద్యం చదువుతున్నారు కాబట్టి మీకు నచ్చే ఉదాహరణ ఇంకొకటి ఉంది. 15వ శతాబ్దంలో జార్జియన్‌లో వైద్యగ్రంథం కూర్చిన దొర పేరు జాజా పనస్కెర్తెలి-ౘిౘిష్విలి. జాజా సొంత పేరు. పనస్కెర్తెలి అంటే పనస్కెర్తి కోటవాడు, అది పాత ఇంటిపేరు. ౘిౘిష్విలి అంటే ౘిౘి సంతతి, అది కొత్తగా మొలిచిన శాఖ. పాత పద్ధతి, కొత్త పద్ధతి ఒకే మనిషి పేరులో పక్కపక్కనే నిలబడ్డాయి. కింత్స్‌విసి గుడిలో ఆయన చిత్రం ఉంది. త్బిలిసి నుంచి గోరి వైపు వెళ్లినప్పుడు చూసి రండి.

వృత్తుల మీద వచ్చిన ష్విలి పేర్లు కూడా ఇలాంటివే. మ్‌చెదెలి అంటే కమ్మరి, అందులోంచి మ్‌చెద్లిష్విలి. మధ్యలో "ఎ" రాలిపోవడం ఆ భాషలో మామూలే. మీ క్లాసులో ఈ పేరున్నవాళ్లు ఉండొచ్చు. 1200లో కమ్మరి పాత్రకు మాత్రం పెట్టకండి.

ఇక -ఎలి. మామూలుగా ఊరిపేరు చివరి అచ్చు తీసి -ఎలి చేర్చితే ఆ ఊరివాడు, ఆ ఊరిది. రుస్తవి → రుస్తవెలి, తోరి → తోరెలి, అఖల్‌ౘిఖె → అఖల్‌ౘిఖెలి. ఈ పద్ధతి మీకు రోజూ వినిపిస్తూనే ఉంటుంది. మిమ్మల్ని అక్కడివాళ్లు "ఇందోయెలి" అంటారు, మీ వంటని "ఇందురి" అంటారు. మనిషికి -ఎలి, వస్తువుకి -ఉరి. కార్త్‌వెలి అంటే జార్జియన్ మనిషి, కార్తులి అంటే జార్జియన్ భాషో రొట్టో. ఈ ఒక్క సూత్రం పట్టుకుంటే సగం పేర్లు విడిపోతాయి. కార్తులిలో ఉరి కాకుండా ఉలి ఎందుకొచ్చిందంటే, ముందు భాగంలో ఇప్పటికే "ర" ఉంది కాబట్టి రెండో "ర" లకారంగా మారుతుంది. తూర్పు కొండల్లో ఇంటిపేర్లు కూడా ఇదే చివరతో ఉంటాయి. గొగొచురి, అరబులి అనే ఖెవ్‌సురెతి పేర్లలో ఒకటి ఉరి, ఒకటి ఉలి కావడానికి కారణం ఇదే. కల్పిత పేరు కడితే ఈ నియమం తప్పకండి, జార్జియన్ తెలిసినవాడికి వెంటనే గుచ్చుకుంటుంది.

తామర్ కొలువులో -ఎలి పేర్లు కావలసినన్ని ఉన్నాయి. గమ్రెకెల్ తోరెలి, షల్వా అఖల్‌ౘిఖెలి, అతని అన్నదమ్ముడు ఇవానె అఖల్‌ౘిఖెలి. అఖల్‌ౘిఖె అంటే కొత్తకోట. వీళ్లకు ఆ ఊరు పుట్టిన ఊరు మాత్రమే కాదు, ఏలుబడి ప్రాంతం. అందుకే దొరకి -ఎలి పెట్టేటప్పుడు అతని చేతిలో ఉన్న కోట పేరు వాడండి. సేవకుడికి అదే -ఎలి పెడితే ఆ ఊరివాడనే అర్థం.

ఇప్పుడు అందరూ బోల్తాపడే చోటు. చివర "ఎలి" వినబడిన ప్రతిదీ ఊరు కాదు. నాలుగు ప్రసిద్ధమైన పేర్లు తీసుకుందాం. తోరెలి: తోరి అనే ప్రాంతం, ఇది ఊరే. దవిత్ అఘ్మషెనెబెలి: 1089 నుంచి 1125 దాకా ఏలిన రాజు. ఇక్కడ "ఎబెలి" క్రియ నుంచి వచ్చింది, కట్టేవాడు, నిర్మాత అని అర్థం. జకారియా మ్ఖార్‌గ్ర్ౙెలి: మ్ఖారి అంటే భుజం, చేయి, గ్ర్ౙెలి అంటే పొడవైన. అంటే అచ్చంగా మన ఆజానుబాహువు, అది వంశానికి పేరైంది. నాలుగోది గియోర్గి చ్కొందిదెలి: చ్కొందిది అనే చోటు ఉన్నమాట నిజమే, పడమటి జార్జియాలోని మెగ్రెలియన్ భాషలో పెద్ద ఓక్ చెట్టు అని అర్థం. కానీ ఇతను ఆ ఊరివాడైనందుకు ఆ పేరు రాలేదు, అక్కడి బిషప్ పీఠం మీద కూర్చున్నందుకు వచ్చింది. దవిత్ కాలం నుంచి ఆ పీఠాధిపతే రాజు దగ్గర ప్రధాన మంత్రి, కాబట్టి చ్కొందిదెలి అన్నది పదవి పేరుగా స్థిరపడింది. పైన చెప్పిన అంతోన్ గ్లోనిస్తావిస్‌ౙె కూడా చ్కొందిదెలియే. అతని కొడుకుకో తమ్ముడికో ఆ మాట అంటగడితే పెద్ద పొరపాటు, అది వారసత్వంగా రాదు.

ఇలాంటి పదవులు పేరు పక్కన చేరి, కొన్ని తర్వాత ఇంటిపేర్లయ్యాయి. ఎరిస్తావి అంటే ఎరి (జనం, సైన్యం) + తావి (తల): మండలాధిపతి. మొదట్లో ఉద్యోగం, తర్వాత ఇంటిపేరు. 1200లో మీరు వాడితే ఉద్యోగంగానే వాడండి. అమిర్‌స్పసలారి సర్వసేనాని, మెచుర్చ్లెత్‌ఉఖుౘెసి కోశాధికారి. ఈ రెండో మాట పలకడం కష్టం కాబట్టి నవలలో "కోశాధికారి" అనడమే మంచిది. మాట అసలు రూపం కోసం పాఠకుణ్ణి ప్రతి పేజీలో తడబడేలా చేయనక్కర్లేదు. ఇంకో మాట, తామర్‌ని "దెదోపలి" (రాణి) అని కాకుండా "మెపె" (రాజు) అనేవారు. దెదోపలి అంటే ప్రధానంగా రాజు భార్య. తామర్ సొంత హక్కున ఏలింది, కాబట్టి మెపె. జార్జియన్‌లో స్త్రీ పురుష లింగభేదమే లేదు, అదే మాట ఇద్దరికీ సరిపోతుంది. ఇదే కారణంగా బెరిౙె అన్న ఇంటిపేరులో "కొడుకు" ఉన్నా ఈ రోజు ఆడవాళ్లకూ అలాగే ఉంటుంది. రష్యన్‌లో లాగా చివర మారదు.

సొంత పేర్లు ఎక్కణ్ణుంచి వచ్చాయి? మూడు పొరలు. పైపొర క్రైస్తవం: గియోర్గి (గ్రీకులో సేద్యగాడు), ఇవానె, దవిత్, గ్రిగోల్, మికాయెల్, మరియమ్, ఎలెనె. తామర్ హీబ్రూ మాట, ఖర్జూర చెట్టు. నాలుగో శతాబ్దంలో ఆ దేశానికి క్రైస్తవం తెచ్చిన సాధ్వి నినో. చివర ఓకారం చూసి ఇది మగపేరనుకోకండి.

దాని కింద ఇరానీ పొర. తెలుగువాళ్లకు ఇక్కడే ఎక్కువ ఆసక్తి కలుగుతుందని నా నమ్మకం, ఎందుకంటే సంస్కృతంతో నేరుగా చుట్టరికం ఉంది. రాజవంశానికి మూలమైన బగ్రత్ అన్న పేరు పాత ఇరానీ "బగదాత", దేవుడిచ్చినవాడు. అక్షరం అక్షరం మన భగదత్తుడు. భారతంలో సుప్రతీకమనే ఏనుగు మీద వచ్చి యుద్ధం చేసిన ప్రాగ్జ్యోతిష రాజు పేరు, జార్జియా రాజవంశం పేరు ఒకే వేరు నుంచి మొలిచినవి. మిరియాన్‌లో ఉన్నది మిత్రుడు, ఇరాన్‌లో మిథ్ర. వఖ్తాంగ్ ఇంకా అందమైనది. పాత ఇరానీలో తోడేలు శరీరం కలవాడని అర్థం, సంస్కృతంలో వృక + తను. భీముడి వృకోదరుడన్న పేరులో ఉన్న వృకమే ఇది. ఐదో శతాబ్దంలో త్బిలిసిని కట్టించాడని చెప్పే రాజు వఖ్తాంగ్ గోర్గసలి. ఆ గోర్గసలి కూడా పర్షియన్‌లో తోడేలు తల, అందులో "గుర్గ్" కూడా ఆ వృకమే. అంటే ఆ ఒక్క రాజు పేరులో ఒకే తోడేలు రెండు రూపాల్లో రెండుసార్లు ఉంది.

అడుగున సొంత జార్జియన్ పొర. నతెలా (వెలుగు గలది), మ్జెకాలా (సూర్యకన్య), మ్జెచబుకి (సూర్యకుమారుడు), మ్గెలికా (తోడేలు పిల్ల). మ్జె అంటే సూర్యుడు, ఇక్కడిది ౙ కాదు, ఉర్దూ జమీన్‌లో జ. పల్లెటూరి పాత్రలకు ఈ పొర చక్కగా అతుకుతుంది.

దొరలకూ రాజులకూ రెండేసి పేర్లు ఉండటం కూడా అప్పటి రివాజు. తామర్ కొడుకు లాషా-గియోర్గి. గియోర్గి జ్ఞానస్నానపు పేరు. లాషా అంటే అప్సార్ల (అబ్‌ఖాజ్ జనం అంటారు) భాషలో లోకానికి వెలుగునిచ్చేవాడని నాటి చరిత్రకారుడు రాశాడు. తామర్ రెండో భర్త దవిత్ సొస్లాన్, సొస్లాన్ ఒసెతియన్ పేరు. మొదటి భర్త రష్యన్ రాకుమారుడు యూరి. యూరి అన్నది జార్జ్‌కి స్లావ్ రూపమే కాబట్టి జార్జియన్లు అతన్ని "గియోర్గి రుసి", రుస్ వాడు గియోర్గి, అన్నారు. కోశాధికారి కుత్లు అర్స్‌లాన్‌ది పూర్తిగా తురుష్క పేరు, భాగ్యవంతుడైన సింహం. కొలువు దృశ్యం రాసేటప్పుడు ఇలాంటి పేరు ఒక్కటైనా కలపండి. అందరూ గియోర్గిలూ దవిత్‌లే అయితే ఆ రాజ్యం అసలు రంగు రాదు.

పర్షియన్ వీరగాథల పేర్లు, అంటే జురబ్ (సోహ్రాబ్), బెజాన్, మనుచార్, లువర్సబ్, తెయిమురాజ్, ఎక్కువగా వ్యాపించింది తర్వాతి శతాబ్దాల్లో. ఇరాన్‌ను ఏలిన సఫవీల కాలంలో రాజులకు అధికారిక ముస్లిం పేరు ఒకటి, ఇంట్లో క్రైస్తవ పేరు ఒకటి ఉండేవి. వఖ్తాంగ్ V పర్షియన్ పత్రాల్లో షా నవాజ్. 1709లో కాందహార్‌లో చనిపోయిన గుర్గిన్ ఖాన్, జార్జియాలో గియోర్గి XI. పాత పత్రాలు చదివేటప్పుడు ఇద్దరు వేర్వేరు మనుషులనుకుని గందరగోళపడే ప్రమాదం ఉంది. ఈ కాలపు పేరు ఒకటి మనకు దగ్గరిది: 1624లో షిరాజ్‌లో చంపబడిన కెతెవాన్ రాణి, తెయిమురాజ్ రాజు తల్లి. కెతెవాన్ పర్షియన్ కతాయూన్‌కి జార్జియన్ రూపం. గోవాలో దొరికిన ఆమె అస్థి అవశేషాన్ని డీఎన్ఏ పరీక్షతో గుర్తించడంలో హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తల పాత్ర ఉంది. 2021లో భారత ప్రభుత్వం దాన్ని జార్జియాకు అందజేసింది.

1801 తర్వాత రష్యన్ పాలనలో ౘిౘిష్విలి ౘిౘియానోవ్, బరతాష్విలి బరతోవ్, ఎరిస్తావి ఎరిస్తోవ్ అయ్యాయి. "-ఒవిచ్" పితృనామాలు కూడా ఆ కాలానివే. మీ నవలలో అవి కనబడకూడదు.

ప్రాంతం గురించి కూడా అడుగుతారేమో, రెండు మాటలు. ఇవాళ్టి లెక్కలో ౙె ఎక్కువగా పడమర, ష్విలి తూర్పు. -ఇయా, -ఉవా, -అవా మెగ్రెలియా. -ఇయాని, -అని స్వానెతి. మధ్యలో ఉన్న కార్త్లిలో రెండూ కలిసిపోయి ఉంటాయి. ఒర్బెలియాని లాంటి దొరల ఇళ్లను చివర చూసి స్వాన్లని చెప్పలేం. 1200కి ఈ పటం అసలు వర్తించదు.

ఇక మీ నాలుగు పాత్రలు.

దొర: "గ్రిగోల్ తోరెలి" అని పెట్టొచ్చు. తండ్రిని చెప్పాల్సి వస్తే "గ్రిగోల్, దవితిస్ ౙె, తోరెలి". అసలు తోరెలి ఇంటివాళ్లు చరిత్రలో ఉన్నారు కాబట్టి, కల్పిత వంశం కావాలంటే మీరే ఒక కోటకు పేరు పెట్టి దానికి -ఎలి చేర్చండి.

సన్యాసి: దీక్షలో పేరు మారుతుంది, ఇంటిపేరు పోతుంది. మఠం పేరుకి -ఎలి, లేదా ఒక గుణం. గ్రీసులోని ఆథోస్ పర్వతం మీద పనిచేసిన గియోర్గి మ్తాౘ్మిందెలి అంటే పవిత్ర పర్వతం వాడు. ఇకాల్తో మఠానికి అర్సెన్ ఇకాల్తోయెలి. ఎప్రెమ్ మ్‌ౘిరె అంటే చిన్న ఎప్రెమ్. మీ సన్యాసి ఏ మఠంలో ఉన్నాడో తేల్చుకుంటే పేరు అదే వస్తుంది. దీక్షకు ముందు పేరు వేరని మర్చిపోకండి, అతని తల్లి పాత్ర అతన్ని పాత పేరుతోనే పిలుస్తుంది.

కంసాలి: ఇక్కడ సరిగ్గా ఆ కాలం మనిషే ఆధారం. తామర్ కాలంలో అంచి రక్షకుడి (క్రీస్తు) చిత్రపటానికి వెండి చట్రం చేసిన శిల్పి బెకా ఒపిజారి. ఒపిజా మఠం నుంచి వచ్చినవాడు. ఇక్కడ -ఎలి బదులు -అరి. "బెష్కెన్" కూడా ఆ వృత్తివాళ్లలో కనిపించే పేరే.

పల్లెటూరి స్త్రీ: "మ్జెకాలా" ఒక్కటి చాలు. ఊళ్లో ఇద్దరు మ్జెకాలాలు ఉంటే "ఇవానెస్ అసులి మ్జెకాలా", ఇవానె కూతురు. దొరసాని అయితే ఇల్లు చేరుతుంది. 1184 ప్రాంతంలో కుత్లు అర్స్‌లాన్ పక్షంతో రాజీ మాట్లాడటానికి తామర్ పంపిన ఇద్దరు పెద్ద స్త్రీల పేర్లు ఖువషాక్ ౘొకలి, క్రవాయి జాకెలి.

ఇక శాసనమో నాణెమో చూపించే దృశ్యం ఉంటే, పేర్లను పూర్తిగా చెక్కించకండి. అప్పట్లో పేరును ఒకటి రెండు అక్షరాలకు కుదించి పైన గీత పెట్టేవారు. తామర్, దవిత్‌ల పేరున కొట్టిన రాగి నాణెం మీద ఇద్దరి పేర్లూ అలాగే పొడి అక్షరాల్లో ఉంటాయి. పక్కన ఉండే సంవత్సరం, అప్పటి జార్జియన్ లెక్కలో, "కొరోనికోన్ 420". దానికి 780 కలిపితే 1200, సరిగ్గా మీ కథ జరిగే ఏడాది.